పథ్యం విడిచిన వానాకాలం

ఆ ఏడాది వానలు మొదలైన వారంలోనే అమ్మ స్నానాలగదిలో పడింది. జారిపడింది అని నాన్న అన్నాడు గానీ, నేల పొడిగానే ఉందట. తువ్వాలు అందుకోబోతుంటే కళ్లు చీకట్లు కమ్మాయి. గోడ పట్టుకుని అలాగే కూలబడిపోయింది. ఎముకలేవీ విరగలేదు. కుడి మణికట్టు వాచింది, నుదుటి మీద బొప్పి కట్టింది. నేను కళ్లజోళ్ల దుకాణంలో ఎవరిదో అద్దం సానపడుతుండగా నాన్న ఫోను చేశాడు. "కంగారుపడకు. మీ అమ్మ పడింది. ఏం కాలేదు. నువ్వొకసారి రా," అన్నాడు. ఆయన నోట కంగారు అన్న మాట వినేసరికే అద్దం అక్కడే వదిలేసి బయల్దేరాను.

నాన్న సిటీబస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. డిపోలో ఆయన్ని అందరూ 'నిదానం' అని పిలిచేవారు. అందరూ బండి ఉరికించే చోట ఆయన బ్రేకు మీద కాలు పెట్టేవాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన టైరు ఒక కుక్కపిల్లకు కూడా తగల్లేదు. అమ్మ అలా కాదు. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. ఎవరైనా చాలు అంటే ఇంకో గంటె వేసి, "ఇప్పుడు చెప్పు చాలని," అనే రకం. వంటగదిలో మాట్లాడితే గేటు దగ్గర వినబడేది. మనిషి కూడా అంతే నిండుగా ఉండేది. చిన్నప్పుడు ఆమె పక్కన పడుకుంటే నాకు దిండు అక్కర్లేదు.

మర్నాడు నేనే స్నానం చేయించాను. పెళ్లయి వేరే ఇంట్లో ఉండేదాన్ని, వచ్చినప్పుడల్లా నిండా బట్టలతో చూడటమే తప్ప, ఆమె ఒంటిని అంత దగ్గరగా చూసి చాలా ఏళ్లయింది. వీపు మీద సబ్బు రుద్దుతుంటే పక్కటెముకలు ఒక్కొక్కటే వేళ్లకు తగిలాయి. పిక్కలు లేవు. మోకాలి కింద నుంచి మడమ దాకా ఒకటే సన్నం. భుజాల దగ్గర చర్మం మడతలు పడి, ఎవరిదో పెద్ద చొక్కా తొడిగినట్టుంది.

"ఏంటమ్మా, ఇలా అయిపోయావు?"

"సన్నబడ్డానే పిల్లా. మేడమీది టీచరమ్మ ఎంత మెచ్చుకుందో తెలుసా? ఈ వయసులో ఇంత నాజూగ్గా ఎలా ఉన్నారండీ అని. పెళ్లినాడు లేని నడుము ఇప్పుడొచ్చింది నాకు," అని నవ్వింది. నవ్వితే పళ్లసెట్టు చిగుళ్ల మీద టకటకా కొట్టుకుంది.

ఆ సాయంత్రమే మా ఆయనకు ఫోను చేసి, నాలుగు రోజులు ఇక్కడే ఉంటానని చెప్పాను. "వానలు వెలిసేదాకా ఉండు. నా తిప్పలేవో నేను పడతాను," అన్నాడు. అలా నేను ఆ కాలమంతా పుట్టింట్లో ఉండిపోయాను. పొద్దున్నే దుకాణానికి వెళ్లడం, చీకటిపడే వేళకు తడిసి రావడం.

ఆ ఇంట్లో పొద్దు మందులతో మొదలయ్యేది. నాన్న దగ్గర గళ్లగళ్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. చక్కెరజబ్బుకు రెండు రకాలు, బీపీకి రెండు, ఒంట్లో నీరు లాగడానికి ఒకటి, కొవ్వుకొకటి. ఇవన్నీ మింగితే కడుపులో మంట, దానికొకటి. బీపీ మందులకు తల తిరుగుతోందంటే, ఆ తిరగడానికి ఇంకొకటి. పడుకోబోయే ముందు నిద్రమాత్ర. ఒక్కో డాక్టరు ఒక్కోటి రాశాడు. రాసినవాళ్లే గానీ, తీసినవాళ్లు ఎవరూ లేరు.

తిండి సంగతి వేరే చెప్పాలి. నేను కాలేజీలో ఉన్నప్పుడు అమ్మకు చక్కెరజబ్బు బయటపడింది. అప్పుడు మంచి ఒళ్లున్న మనిషి. పెద్దాసుపత్రి డాక్టరు, ఇది తినొద్దు అది తినొద్దు అని గట్టిగా చెప్పి పంపాడు. డాక్టరు గీసిన గీత నాన్నకు రోడ్డు మీది తెల్లగీత. దాటే ప్రశ్నే లేదు. తర్వాత ఎవరో ఉప్పు తగ్గించమన్నారు, ఇంకెవరో గుడ్డు వద్దన్నారు, మరొకరు వెన్న, బంగాళాదుంప, అరటిపండు. నాన్న అన్నీ విన్నాడు. అమ్మ చేత వండిస్తే చెయ్యి ఊరుకోదని, రిటైరయ్యాక తనే వంట నేర్చుకున్నాడు. ఉప్పులేని జావ, ఉడకబెట్టిన సొరకాయ, గుప్పెడు అన్నం. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, కంచం ఖాళీ అయ్యేదాకా చూసేవాడు.

"బాగుందా?"

"బాగుందండీ."

ఆయన గిన్నెలు కడగడానికి లేవగానే అమ్మ నా వైపు కన్నుగీటేది. "దీనికోసం పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డాడే పాపం. గడ్డికైనా ఇంతకంటే రుచి ఉంటుంది. అనకు ఆయనతో."

పెద్దాసుపత్రి ఊరికి అవతలి కొస. దారిలో వంతెన కింద నీళ్లు నిలిచి బస్సులు తిరగడం లేదు. అమ్మ మణికట్టు వాపు తగ్గకపోవడంతో, వీధి చివరి చిన్న క్లినిక్కుకు నడిపించుకుని వెళ్లాం. అక్కడ ఈమధ్యే కొత్త డాక్టరమ్మ వచ్చింది. నాన్నకు మనసొప్పలేదు. "కట్టు కట్టించుకుని వచ్చేద్దాం," అని ముందే చెప్పాడు.

ఆవిడ మణికట్టు చూసింది, కట్టు కట్టింది. మేం లేవబోతుంటే, "పిన్నిగారూ, ఒక్కసారి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి," అంది.

అమ్మ చేతులు కట్టుకుని ముందుకు వంగింది. లేవలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. "కుర్చీకి నేనంటే ఇష్టమమ్మా, వదలడం లేదు," అని నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వి, కింద మోకాళ్ల మీద కూర్చుని అమ్మ పిక్క చుట్టూ రెండు చేతుల వేళ్లూ చుట్టింది. వేళ్ల మధ్య ఇంకా ఖాళీ మిగిలింది. ఆవిడ నవ్వు అక్కడ ఆగిపోయింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబెట్టినప్పుడు అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"నిన్న ఏం తిన్నారు పిన్నిగారూ?"

"పొద్దున జావ, మధ్యాహ్నం..." అని నాన్న అందుకున్నాడు.

"మీరు కాదు బాబాయిగారూ. పిన్నిగారిని చెప్పనివ్వండి."

"ఆయన చెప్పిందే తల్లీ. నా నోరు ఆయన దగ్గరే ఉంటుంది," అంది అమ్మ.

నాన్న మందుల డబ్బా బల్ల మీద పెట్టాడు. చక్కెర ఎప్పుడూ ఎక్కువ రానివ్వలేదని చెప్పాడు. రిటైరైన రోజు దండ వేసి ఫొటో తీసినప్పుడు ఆయన మొహం ఎలా ఉందో అలాగే ఉంది. డాక్టరమ్మ గళ్లన్నీ చూసింది.

"ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదండీ," అంది చివరికి. "కానీ, ఇవి అప్పటి మనిషికి రాసిన మందులు. అప్పటి మనిషికి చెప్పిన పథ్యం. ఇప్పుడు పిన్నిగారి ఒంట్లో కండ లేదు. ఈ వయసులో చక్కెర మరీ అంత తక్కువ ఉండక్కర్లేదు, ఉంటే ప్రమాదం. నిలబడితే బీపీ పడిపోతోంది. అందుకే కళ్లు తిరిగి పడ్డారు. కొన్ని మందులు ఆపేద్దాం, కొన్ని తగ్గిద్దాం. ముందు కడుపు నిండా తిననివ్వండి. గుడ్డు, పాలు, వెన్న, పళ్లు, ఏది ఇష్టమైతే అది. ఇప్పుడు ఈవిడకు చక్కెర కంటే పెద్ద జబ్బు తిండి చాలకపోవడం."

నాన్న లేచి నిలబడ్డాడు. "మా ఇంట్లో తిండికి లోటు లేదమ్మా," అన్నాడు.

"అయ్యో, నేను ఆ మాట అనలేదండీ."

"ఇన్నేళ్లు పెద్దపెద్ద డాక్టర్లు చూశారు. ఒక్కరూ మందు ఆపమనలేదు. పదవే." డబ్బా మూసి సంచిలో వేసుకుని, గొడుగు అక్కడే మరిచిపోయి, వానలోకి నడిచాడు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది నాన్నా? అమ్మను చూడు, ఎలా ఉందో."

"నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల. రేపు చక్కెర ఎక్కి కాలికి పుండు పడితే, కళ్లు పోతే, ఎవరు చూస్తారు? నీరు తగ్గాక పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను. వాళ్లు ఆపమంటే ఆపుతాను." కోపం కాదది, భయం. ఆయన స్నేహితుడొకడు చక్కెరజబ్బుతో కాలు తీయించుకుని, ఆ మరుసటి ఏడే పోయాడు. డిపోలో ఆయన పక్క బస్సు నడిపినవాడు. అప్పట్నుంచీ నాన్న అమ్మ పాదాలను రోజూ దీపం కింద పెట్టి చూసేవాడు, గోళ్ల సందులతో సహా.

"ఎందుకే ఆయన్ని సతాయిస్తావు," అంది అమ్మ. "నీరు తగ్గాక చూద్దాంలే."

నీరు తగ్గలేదు. వాన పట్టినపట్టు విడవలేదు. ఒకనాటి సాయంత్రం అమ్మ కడుపు బరువుగా ఉందని జావ సగంలో వదిలేసింది. మర్నాడు పొద్దున నాన్న ఎప్పట్లాగే లేవగానే మాత్రలు వేశాడు. నేను తల దువ్వుకుంటున్నాను. అమ్మ మంచం మీద కూర్చుని ఏదో గొణుగుతోంది.

"ఇంకా గంట కొట్టలేదేమే? అన్నం ఆరిపోతోంది. పిల్లల్ని పిలువు."

"ఏ పిల్లలమ్మా?"

"ఆకలితో ఉంటారు. పిలువు." మాట ముద్దగా వస్తోంది. దగ్గరికెళ్తే మొహమంతా చెమట. బయట చలిగాలి వీస్తుంటే ఆమె జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. నన్ను చూస్తోంది గానీ నేనెవరో తెలియడం లేదు. చేతులు చల్లబడి, వణుకుతున్నాయి.

"ఏమోయ్! ఏమోయ్, ఇటు చూడు," అంటూ నాన్న ఆమె భుజం పట్టుకుని కుదుపుతున్నాడు.

చక్కెర మరీ తగ్గితే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి నేను వంటింట్లోకి పరుగెత్తాను. ఒక డబ్బా తీశాను, ఇంకో డబ్బా తీశాను. అటక మీదివి కూడా దింపాను.

"నాన్నా, పంచదార ఎక్కడ?"

"మనింట్లో ఉండదుగా," అన్నాడు.

మామూలుగానే అన్నాడు. ఎవరైనా చుట్టం టీలోకి అడిగితే చెప్పినట్టు. చెప్పి, నా చేతిలో ఖాళీ డబ్బా వైపు చూశాడు. తర్వాత అమ్మ వైపు చూశాడు. ఆ మొహం చూడటానికి నేను ఆగలేదు. చెప్పుల్లేకుండా మెట్లెక్కి టీచరమ్మ తలుపు బాదాను. ఆవిడ ఏం అడగకుండా డబ్బా మొత్తం చేతిలో పెట్టింది.

నేను కిందికి వచ్చేసరికి నాన్న అమ్మ తలను తన గుండెకు ఆనించుకుని, గ్లాసులో నీళ్లు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పంచదార నేను పోశాను, ఆయనే కలిపాడు. చెంచాతో పెదవుల మధ్య కొంచెం కొంచెంగా పోశాం. సగం గడ్డం మీద కారింది. ఇంకొన్ని చెంచాలయ్యాక అమ్మ నాలుక బయటికొచ్చి పెదవి నాకింది. మెల్లిగా కళ్లు మా మీద నిలిచాయి.

"ఎవరే ఇంత తియ్యగా కలిపింది?" అంది.

నాన్న గ్లాసు ఆమె నోటికి ఆనించి, అడుగు దాకా తాగించాడు.

ఆ పొద్దున క్లినిక్కు తెరవకముందే ఆయన వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ ఆయన వెంటే ఇంటికి వచ్చింది, ఆయన మరిచిన గొడుగు వేసుకుని. డబ్బాలోంచి కొన్ని మాత్రలు అక్కడికక్కడే తీసేసింది. నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపకూడదు, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వద్దాం అంది. వదులైపోయిన పళ్లసెట్టు సరిచేయించమంది. నాన్న ప్రతిమాటకూ తలాడించాడు.

"ఇప్పుడు ఏం పెట్టమంటారు?"

"నన్నెందుకు అడుగుతారు బాబాయిగారూ? పిన్నిగారిని అడగండి."

నాన్న మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు. "ఏం తింటావోయ్?"

అమ్మ ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఆ ప్రశ్న ఆమెను ఎవరైనా అడిగి ఎంతకాలమైందో. సిగ్గుపడినట్టు దుప్పటి అంచు సర్దుకుంది.

"గుడ్డు," అంది. "వెన్నలో వేయించి. ఉప్పేసి. మిరియాలు కూడా."

అవే మా మంచి రోజులు. నాన్న గుడ్డు మాడ్చాడు. రెండోది చితికిపోయింది. అమ్మ మంచం మీంచే హాస్టలు గొంతుతో, "మంట తగ్గించండి మహానుభావా! అది బస్సు ఇంజను కాదు," అని అరిచింది. మేడమీద టీచరమ్మకు కూడా వినబడిందట. ఆయన కోడిగుడ్డు వేయించడం నేర్చుకున్నాడు, పాలల్లో అన్నం మెత్తగా ఉడికించడం నేర్చుకున్నాడు, బంగాళాదుంప వెన్నేసి మెదపడం నేర్చుకున్నాడు. అమ్మ ఒకేసారి ఎక్కువ తినలేదు గనుక చిన్న గిన్నెలో పెట్టి, కాసేపటికోసారి తెచ్చేవాడు. అమ్మకు తల తిరగడం తగ్గింది. నిద్రమాత్ర తగ్గేకొద్దీ మనిషి తేటపడింది. "ఇన్నాళ్లూ మబ్బులో ఉన్నానే. ఇంట్లో గోడలకు ఈ రంగెప్పుడు వేశారు?" అని అడిగింది. రంగు వేసి చాలా ఏళ్లయింది. నా చెయ్యి పట్టుకుని కిటికీ దాకా నడిచి, వానలో బడి పిల్లలు పోతుంటే ఒక్కొక్కరినీ పేరు పెట్టి వెక్కిరించేది: ఇదిగో బాతు, అదిగో తడిసిన పిల్లి.

నేను దుకాణంలో అందరికీ చెప్పేశాను, మా అమ్మ కోలుకుంటోందని. ఒకరోజు గుమ్మం దగ్గర డాక్టరమ్మతో కూడా అదే అన్నాను. ఆవిడ వెంటనే అవునని అనలేదు.

"సంతోషంగా ఉన్నారు, అది చాలా పెద్ద మాట. కానీ అక్కా, ఈ వయసులో పోయిన కండ అంత తొందరగా రాదు. కొంత అసలు రాకపోవచ్చు. చిన్న జ్వరమొచ్చినా తట్టుకోవడానికి ఆవిడ ఒంట్లో నిలవ లేదు. జాగ్రత్తగా ఉండండి." ఆ మాట నేను నాన్నకు చెప్పలేదు. ఆయన అప్పుడు లోపల అరటిపండు చక్రాలుగా కోస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం నాన్న సంతకు వెళ్లాడు. నేను అమ్మ గోళ్లు తీస్తున్నాను.

"మీ నాన్న నిన్ను ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు," అంది హఠాత్తుగా. "ఆవిడకు ఆకలేసేదా అని. వెయ్యలేదని చెప్పు."

నేను గోళ్లు తీయడం ఆపాను. "వేసేదా అమ్మా?"

కిటికీ వైపు తిరిగింది. "మొదట్లో వేసేది. బాగా వేసేది. ఆయన ఇలా సంతకెళ్లినప్పుడు వంటింట్లోకి పోయి, వెనకటి డబ్బాల మూతలు తీసి వాసన చూసేదాన్ని. ఖాళీవేలే. వాసన మాత్రం ఉండేది. తర్వాత్తర్వాత అదీ పోయింది. పిలిచి పిలిచి ఎవరూ తలుపు తీయకపోతే వెళ్లిపోతారు చూడు, అలా ఆకలే వెళ్లిపోయింది."

"ఒక్క మాట అడగొచ్చు కదమ్మా! నాతోనైనా అనొచ్చు కదా!"

"ఏమని అనను? నేనెక్కడ పోతానో అని పొద్దస్తమానం నన్నే కాచుకుని కూర్చున్న మనిషితో, మీ చేతి కూడు తినలేకపోతున్నానని అననా? బాగుందా అని అడుగుతాడే. పసిపిల్లాడిలా మొహం పెట్టి అడుగుతాడు." నా చెయ్యి పట్టుకుని, "రోడ్డు మీద ఒక్క ప్రాణికి దెబ్బ తగలనివ్వలేదు ఆయన. ఈ సంగతి తెలిస్తే మళ్లీ లేవడు. నామీద ఒట్టేసి చెప్పు," అంది.

ఒట్టేశాను.

వానలు వెనకబడుతుండగా ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయి. వంతెన కింద నీరు తగ్గి, బస్సులు తిరుగుతున్నాయి. అమ్మకు మొదట దగ్గు వచ్చింది. మర్నాటికి ఒళ్లు కాలిపోయింది. డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఇంట్లో ఉంచొద్దు అంది. పెద్దాసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ఒళ్లున్న మనిషైతే లాక్కొచ్చేదే. అమ్మ దగ్గర లాగడానికి బలం లేదు.

నాన్న మంచం పక్కనుంచి కదల్లేదు. నర్సమ్మ తినిపించొచ్చు అన్నప్పుడల్లా చిన్న గిన్నె పట్టుకుని కూర్చునేవాడు. పాలల్లో మెత్తగా కలిపి, చెంచా ముందు తన పెదవికి తాకించి వేడి చూసి పెట్టేవాడు. అమ్మ నోరు తెరిచేది. ఆయన కోసమే తెరిచేదని నాకు తెలుసు. మింగలేక బుగ్గన పెట్టుకుని, ఆయన అటు తిరిగినప్పుడు నా వైపు చూసేది. నేను గుడ్డతో తీసేసేదాన్ని.

"తిన్నావా? మంచిది. బాగుందా?" అనేవాడు.

ఆమె తల ఊపేది. మాట అప్పటికే సన్నగిల్లింది. ఒక్కసారి మాత్రం స్పష్టంగా అంది, "ఉప్పు సరిగ్గా పడింది," అని. నాన్న అది విని పక్క మంచం వాళ్లకు కూడా చెప్పుకున్నాడు.

ఒక మధ్యాహ్నం, ఎండ కాసింది. చాలా రోజుల తర్వాత వార్డు కిటికీలు తెరిచారు. నాన్న అరటిపండు ఒలుస్తున్నాడు. అమ్మ ఊపిరి తీసుకుని, విడిచి, మళ్లీ తీసుకోలేదు. ఆయన ఇంకా ఒలుస్తూనే ఉన్నాడు. నేను వెళ్లి ఆయన చేతిలోంచి ఆ పండు తీసుకున్నాను. అప్పుడు తలెత్తి నన్ను చూసి, తర్వాత ఆమెను చూశాడు.

వచ్చినవాళ్లంతా ఏవేవో అన్నారు. చక్కెర మనిషి కదా, ఇన్నేళ్లు బతకడమే గొప్ప అన్నారు. భర్త అంటే అలా ఉండాలి, చంటిపిల్లలా చూసుకున్నాడు అన్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాన్న లేచి వేరే గదిలోకి వెళ్లిపోయేవాడు.

అందరూ వెళ్లాక, ఆయన్ని మా ఇంటికి తీసుకెళ్దామని సామాను సర్దాను. బయల్దేరేముందు క్లినిక్కుకు వెళ్దామన్నాడు. రోగులు అయిపోయేదాకా బల్ల మీద కూర్చున్నాం. డాక్టరమ్మ తనే బయటికొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"నేను ముందే మీ మాట విని ఉంటే?" అన్నాడు నాన్న.

"ఆ కొద్దిరోజుల్లో పెద్దగా మారేది కాదు బాబాయిగారూ. ఇది ఏళ్లుగా జరిగింది."

"ఆ ఏళ్లన్నీ పెట్టింది నేనే కదమ్మా."

"మీరు చెప్పింది చెప్పినట్టు చేశారు. చెప్పినవాళ్లం మేం. చెప్పి వదిలేశాం. మనిషి మారిపోతుంటే మళ్లీ చూసి, ఇక చాలు అనాల్సింది మేం. అనలేదు. అది మీ మీద వేసుకోకండి," అంది. నాన్న ఆవిడ తలమీద చెయ్యిపెట్టి, లేచాడు.

బస్టాపులో మేమిద్దరమే ఉన్నాం. ఆయన రోడ్డు చూస్తున్నాడు. బస్సు వచ్చే వైపు కాదు, ఎదురుగా, ఊరికే.

"అమ్మాయ్," అన్నాడు. "మీ అమ్మకు ఆకలేసేదా?"

ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంచుకున్న మాటే చెప్పాను. "లేదు నాన్నా. ఎప్పుడూ అనలేదు."

తలాడించాడు. జేబు రుమాలు తీసి, మళ్లీ పెట్టేసుకున్నాడు.

"నాకు వేసేదమ్మా," అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను.

"ఆవిడను కాదని వేరే తినడం బాగోదని, ఆవిడకు పెట్టిందే నేనూ తినేవాణ్ని. అదే జావ, అదే అన్నం, అంతే. పొయ్యి దగ్గర నిలబడి తినేసేవాణ్ని. నాకు కడుపు కాలిపోయేది. పథ్యమంటే అంతే కదా, ఇద్దరం ఓర్చుకుంటున్నాం అనుకున్నాను. నేను మగాణ్ని, ఒళ్లు వంచి పనిచేసిన వాణ్ని, అందుకని నాకు వేస్తోంది, ఆవిడకు వెయ్యదేమో అనుకున్నాను. ఒక్కసారి అడిగుంటే సరిపోయేది. బాగుందా అనే అడిగాను గానీ, చాలిందా అని అడగలేదు."

బస్సు వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించాను.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, మా ఆయన వండిపెట్టిన అన్నం వడ్డించాను. వద్దంటాడనుకున్నాను. అనలేదు. తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. కళ్లలోంచి నీళ్లు కంచంలో పడుతున్నా తుడుచుకోకుండా, కలుపుకుని తింటూనే ఉన్నాడు. కంచం ఖాళీ అయింది.

"ఇంకొంచెం వెయ్యనా నాన్నా?"

"వెయ్యమ్మా," అన్నాడు.